హైబ్రిడ్ కారులో లోపల రొద, బయట హోరు: ఏది ఎంత ఉండాలి?

పొగతోట_వాసి
ఈ వేసవికి ముందు ఒక స్ట్రాంగ్ హైబ్రిడ్ ఎస్.యు.వి. తీసుకున్నాను, అంటే కొంత దూరం ఇంజను లేకుండా కరెంటు మోటారు మీదే పోగలిగేది. నేను అడగబోయేది ఏ ఒక్క కంపెనీ సంగతీ కాదు కనుక పేరు రాయను. ఇంజను ఉన్నట్టే తెలియదని షోరూములో చెప్పారు. పొగతోటలో ఆసుపత్రుల మధ్య నెమ్మదిగా పోతున్నంతసేపూ ఆ మాట నిజమే, కానీ ముందు బంపరు వైపు నుంచి గాలి ఊదినట్టు ఒక హోరు వస్తుంది, నడిచేవాళ్లను హెచ్చరించడానికి పెట్టిన స్పీకరుదట, అద్దం దించితే అది ఇంకా బాగా వినిపిస్తుంది. హైవే ఎక్కి కావలి వైపు పోతూ లారీని దాటుదామని కాలు గట్టిగా నొక్కితే మాత్రం ఇంజను ఒక్కసారిగా అరవడం మొదలుపెడుతుంది, ఆ అరుపుకు తగ్గట్టు బండి ముందుకు దూకదు. వందకు చేరాక టైర్ల మోత వేరే. ఇంత డబ్బు పెట్టింది నిశ్శబ్దం కోసమే కనుక రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. లోపలి రొద అందరి హైబ్రిడ్లలోనూ ఇలాగే ఉంటుందా? బయటి హోరుకు వైరు తీయించేస్తే ఏమైనా ఇబ్బంది ఉందా? ట్రంకు రోడ్డు హారన్ల మధ్య దాన్ని వినేవాళ్లు ఎవరున్నారు?

కందుకూరు_కుర్రాడు
వైరు తీయించాక ఆ వైరును నాకు పంపించండి అన్నా, నా బండిలో ఆ హోరే లేదు, కుక్కలు చక్రాల ముందు నుంచి లేవడం లేదు.

వేదాయపాళెం_మెకానిక్
వైరు సంగతి తర్వాత చూద్దాం, ముందు అరుపు గురించి చెబుతాను. అది జబ్బు కాదు. మన దగ్గర అమ్ముడవుతున్న స్ట్రాంగ్ హైబ్రిడ్లలో టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ లాంటి వాటిలో ఇ-సి.వి.టి. అనే గేర్‌బాక్సు ఉంటుంది. మామూలు గేర్‌బాక్సులో ఇంజను తిరిగే వేగం, చక్రం తిరిగే వేగం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి బండి వేగంతో పాటే మోత కూడా మెట్లు మెట్లుగా పెరిగి తగ్గుతుంది. ఇక్కడ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే ప్లానెటరీ గేర్ల వల్ల ఆ ముడి ఉండదు. పొలం దగ్గర డీజిల్ ఇంజనుకు నీళ్లు ఎక్కువ కావాలంటే రేజు పెంచినట్టు, ఎంత బలం అడిగితే కంప్యూటరు ఇంజనును అంత వేగంలో నిలబెడుతుంది, బండి ఆ తర్వాత నెమ్మదిగా ఆ వేగాన్ని అందుకుంటుంది. మీరు అరుపు అంటున్నది ఆ మధ్య కాలాన్ని. కాలు సగం మాత్రమే నొక్కి, కొంచెం ముందుగా దాటడం మొదలుపెడితే చాలావరకు తగ్గుతుంది.

పొగతోట_వాసి
అంటే నా డ్రైవింగే మార్చుకోవాలన్న మాట. మా పాత డీజిల్ కారులో ఈ తిప్పలు లేవు.

వేదాయపాళెం_మెకానిక్
పాత డీజిల్ కారులో ఆ మోత ఎప్పుడూ ఉండేది కనుక మీకు వినిపించలేదు. ఇందులో పది నిమిషాలు మోటారు మీద నిశ్శబ్దంగా పోయి, ఆ తర్వాత ఇంజను లేస్తుంది. ముందు నిశ్శబ్దం ఉండబట్టే తర్వాతి మోత పెద్దదనిపిస్తుంది. ఇంకొక సంగతి, అన్ని హైబ్రిడ్లనూ ఒకే గాటన కట్టకూడదు. హైరైడర్, గ్రాండ్ విటారాల స్ట్రాంగ్ హైబ్రిడ్లలో మూడు సిలిండర్ల 1.5 లీటర్ల ఇంజను ఉంటుంది, హైక్రాస్‌లో నాలుగు సిలిండర్ల 2 లీటర్ల ఇంజను ఉంటుంది. మూడు సిలిండర్ల ఇంజనుకు సహజంగా అదురు కొంత ఎక్కువ, దాన్ని ఇంజనును పట్టి ఉంచే మౌంటింగులతో అణచాలి. హోండా సిటీ హైబ్రిడ్‌ది ఇంకో పద్ధతి, అందులో ఊళ్లో ఇంజను ఎక్కువగా కరెంటు పుట్టించడానికే తిరుగుతుంది, హైవే వేగంలో క్లచ్చు పడి నేరుగా చక్రాలకు కలుస్తుంది. మూడింటి మోతా మూడు రకాలుగా ఉంటుంది.

ఒంగోలు_కర్నూలురోడ్
ఈ ఎండల్లో ఇంకొక మోత గురించి ఎవరూ చెప్పలేదు. ఒంగోలు సిగ్నళ్లలో ఆగినప్పుడు ఏసీ పూర్తిగా పెట్టి ఉంటే, బండి కదలకపోయినా ఉన్నట్టుండి ఇంజను లేస్తుంది. ఏసీ కంప్రెసరు బ్యాటరీ మీద నడుస్తుంది కనుక, చార్జి తగ్గగానే నింపడానికి ఇంజను రావలసిందే. చలికాలంలో మా ఆవిడ ఈ కారును ఎంతో మెచ్చుకుంది. రోహిణి కార్తెలో మాత్రం "ఇది మామూలు కారే కదండీ" అని తేల్చేసింది.

కావలి_భౌతికం
టైర్ల మోత గురించి నేను చెబుతాను, నేను పాఠం చెప్పేది ఆ విభాగమే. ఇంజను ఆపి మోటారు మీద పోయే కారులో కూడా, మరీ మెల్లగా పోయేటప్పుడు తప్ప, చప్పుడు చేసేవి టైర్లూ గాలీ. సుమారు 30 కిలోమీటర్ల వేగం దాటితే ఏ కొత్త కారుకైనా బయటికి వినిపించే చప్పుడులో టైర్లదే పైచేయి. వేగం రెట్టింపైతే ఆ చప్పుడు సుమారు 9 నుంచి 12 డెసిబెల్స్ పెరుగుతుంది, 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి రెండింతలు అయినట్టు అనిపిస్తుంది. అంటే 50లో ఉన్న మోత 100కు చేరేసరికి రెట్టింపు అనిపించడం ప్రకృతి ధర్మమే, హైబ్రిడ్ దాన్ని తగ్గించలేదు. ఇంజను మోత కప్పి ఉంచిన టైర్ల మోత, అద్దాల పక్క గాలి ఈల, డిక్కీలో జాకీ కదిలే శబ్దం, ఆ కప్పు తీసేయగానే బయటపడతాయి. కంకర పైకి తేలిన తారు రోడ్డు మీద ఒక రకంగా, అడ్డగీతలు గీసిన సిమెంటు రోడ్డు మీద ఇంకో రకంగా వినిపిస్తాయి.

పొగతోట_వాసి గారు బండి కొన్నాక టైర్లలో గాలి ఎంత ఉందో ఒకసారైనా చూశారా?

పొగతోట_వాసి
పెట్రోలు బంకులో పెట్టించినప్పుడు 40 పెట్టాడు. ఎక్కువ ఉంటే మైలేజి వస్తుందన్నాడు.

వేదాయపాళెం_మెకానిక్
ఆ మాట మీద బంకుల వాళ్లు ఊరంతటి నడుములూ విరగ్గొడుతున్నారు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, అందులో ఎంత రాసి ఉంటే అంతే పెట్టించండి, అది కూడా ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు. ఆ తర్వాత కూడా మోత ఉంటే తలుపుల అంచున ఉండే రబ్బరు బీడింగు చూడాలి. ఒక కాగితం ముక్క తలుపుకూ బీడింగుకూ మధ్య పెట్టి మూసి లాగండి, సులువుగా ఊడి వస్తే అక్కడ నుంచి గాలి లోపలికి వస్తున్నట్టే. చప్పుడు అణచే డాంపింగ్ షీట్లకు వేలకు వేలు పోసే ముందు ఈ రెండూ చేయండి. షీట్లు వేయించదలిస్తే డిక్కీ అడుగున, వెనక చక్రాల పైన వేయిస్తే ఫలితం ఉంటుంది, పైకప్పుకు వేయించడం వాన చప్పుడుకు తప్ప దేనికీ పనికిరాదు. కొన్ని హైబ్రిడ్లలో బ్యాటరీకి గాలి పీల్చే జాలీ వెనక సీటు దగ్గరే ఉంటుంది, చప్పుడు తగ్గుతుందని దాన్ని ఎవరూ కప్పవద్దు.

తెల్లకర్ర
ఈ చర్చ మొదటి నుంచీ స్క్రీన్ రీడరుతో వింటున్నాను. లోపలి రొద గురించి ఇంత మాట్లాడారు, రెండో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నేను చెబుతాను. ట్రంకు రోడ్డులో ఆ హోరును ఎవరు వింటారని అడిగారు. నేను వింటాను. నాకు చూపు లేదు. పాఠం చెప్పడానికి బడికి రోజూ నడిచే వెళ్తాను.

మీరు అనుకున్నట్టు పెద్ద రోడ్డు నాకు పెద్ద ప్రమాదం కాదు, అక్కడ దాటేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటారు. చిక్కంతా సందుల్లోనే. గేటు తీసి కారు వెనక్కి వచ్చేటప్పుడు, మలుపు దగ్గర ఆగిన కారు కదిలేటప్పుడు, నేను ఇంజను మోతను బట్టే అది ఎటు తిరుగుతుందో అంచనా వేస్తాను. పెట్రోలు కారు ఆగి ఉన్నా దాని ఇంజను తిరుగుతుంటే అక్కడ ఒక బండి ఉందని తెలుస్తుంది. మీ కారు ఆగితే గోడతో సమానం, కదిలాక కూడా హోరు లేకపోతే గోడే నా మీదికి వస్తున్నట్టు లెక్క. హారన్ కొడితే సరిపోతుందని చాలామంది అంటారు. హారన్ కొట్టాలంటే ముందు డ్రైవరు నన్ను చూడాలి కదా.

పొగతోట_వాసి
మాస్టారూ, ఈ కోణం నాకు తట్టలేదు. మరి అన్ని కార్లకూ ఇది ఎందుకు లేదు?

కావలి_భౌతికం
చట్టం రావడం ఆలస్యమైంది. హైబ్రిడ్ కారు జపాన్‌లో 1997లోనే రోడ్డెక్కింది. చూపు లేనివారి సంఘాలు అమెరికాలో ఏళ్ల తరబడి అడిగితే 2010లో అక్కడి కాంగ్రెస్ చట్టం చేసింది, దాని నిబంధనలు 2016లో ఖరారయ్యాయి. అక్కడి రహదారి భద్రతా సంస్థ 2011లో ఇచ్చిన నివేదికలో, హైబ్రిడ్ కారు పాదచారిని ఢీకొనే అవకాశం మామూలు కారు కంటే 35 శాతం, సైకిలిస్టును ఢీకొనే అవకాశం 57 శాతం ఎక్కువని తేలింది. జపాన్ 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 138వది 2016లో వచ్చింది, యూరప్‌లో 2021 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కారుకూ ఇది తప్పనిసరి. ఇంజను సాయం లేకుండా మోటారు మీదే కదలగలిగిన బండికే ఈ నిబంధన, కాబట్టి మైల్డ్ హైబ్రిడ్లు దీని కిందకు రావు.

మన దేశంలో ఇందుకు ఏ.ఐ.ఎస్. 173 అనే ప్రమాణం ఉంది. 2025 సెప్టెంబరులో కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన ముసాయిదాలో విద్యుత్తు ప్రయాణికుల, సరుకు వాహనాల కొత్త మోడళ్లకు 2026 అక్టోబరు 1 నుంచి, ఇప్పటికే తయారవుతున్న మోడళ్లకు 2027 అక్టోబరు 1 నుంచి దీన్ని ప్రతిపాదించారు. ఇప్పటికే తయారవుతున్న మోడళ్లు అంటే ఆ తేదీ తర్వాత ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి, మన ఇంటి ముందు ఉన్న పాత బండి కాదు. చట్టం కంటే ముందే పెట్టిన వాళ్లూ ఉన్నారు, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 2023 జులైలో దీన్ని చేర్చి ధర 4,000 రూపాయల వరకు పెంచారు.

మూలాపేట_రథవీధి
అర్థరాత్రి పెళ్లి నుంచి తిరిగొచ్చే ప్రతి కారూ సందులో ఈ హోరు పెట్టుకుంటూ పోతే మా నిద్ర సంగతి ఏమిటి? రాత్రిపూట నివాస ప్రాంతాల్లో 45 డెసిబెల్స్ దాటకూడదని కేంద్ర నిబంధనే చెబుతోంది. మాస్టారి ఇబ్బందిని నేను కాదనడం లేదు, కానీ నిశ్శబ్దంగా ఉండే వాహనం వచ్చిందని సంతోషించేలోపే దానికి చప్పుడు తగిలించడం నాకు నచ్చలేదు.

కావలి_భౌతికం
లెక్క చూద్దాం. 138వ నిబంధన ప్రకారం బండి మధ్య గీత నుంచి 2 మీటర్ల దూరంలో కనీసం ఉండవలసిన చప్పుడు 10 కిలోమీటర్ల వేగంలో 50 డెసిబెల్స్, 20 కిలోమీటర్ల వేగంలో 56, వెనక్కి వచ్చేటప్పుడు 47. గరిష్ఠం 75. తెరిచిన చోట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయి, అంటే 20 వేగంలో పోయే కారు 4 మీటర్ల దగ్గర 50, 8 మీటర్ల దగ్గర 44 వినిపిస్తుంది. మీ మూలాపేట సందుల్లో రెండు పక్కలా గోడలున్నాయి కనుక అంత త్వరగా తగ్గదు, పొగతోట_వాసి గారికి అద్దం దించితే హోరు పెద్దగా వినిపించడానికి కూడా గోడల నుంచి తిరిగొచ్చే ధ్వనే కారణం కావచ్చు. అయినా అదే సందులో బుల్లెట్ ఒక్కటి పోతే దీని లెక్క ఎక్కడా కనిపించదు. 45 అన్నది ఒక్క క్షణం దాటిపోయే బండికి పెట్టిన పరిమితి కాదు, రాత్రంతటి సగటుకు పెట్టింది.

మూలాపేట_రథవీధి
బుల్లెట్ల మీద కేసులు పెట్టండి ముందు.

కందుకూరు_కుర్రాడు
దీనికి మాత్రం అన్ని జిల్లాల వాళ్లూ ఒకటే మాట.

చెవి_డాక్టరు_నెల్లూరు
కావలి_భౌతికం గారు చెప్పిన అంకెలు చప్పుడు ఎంత అన్నదాని గురించి. ఎలాంటి చప్పుడు అన్నది కూడా అంతే ముఖ్యం. వయసు మీద పడ్డాక ముందుగా తగ్గేది సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలు వినడం. మోటారు, ఇన్వర్టరు నుంచి సహజంగా వచ్చే ఈల లాంటి ధ్వని సరిగ్గా ఆ హెచ్చు స్థాయిలోనే ఉంటుంది కనుక పెద్దవాళ్లకు దాదాపు అందదు. అందుకే ఈ హోరులో కనీసం ఒక భాగం 1600 హెర్ట్‌జ్ దగ్గరో అంతకన్నా కిందో ఉండాలని నిబంధనలో పెట్టారు. ఒకే స్వరం మీద బీప్ అనే శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి సరిగా పట్టుకోలేదు, గాలి హోరులా అనేక స్వరాలు కలిసిన ధ్వనిని తేలికగా పట్టుకుంటుంది. మీకు గాలి ఊదినట్టు అనిపించడం వెనక ఇంత ఆలోచన ఉంది. నా దగ్గరికి వచ్చే డెబ్బై దాటిన వాళ్లలో ఉదయం నడకకు వెళ్లేవాళ్లకు, వినికిడి యంత్రం ఉంటే అది పెట్టుకునే వెళ్లమని చెబుతాను. ఇంట్లో పెట్టుకుని వీధిలోకి వెళ్లేటప్పుడు తీసేస్తారు!

చీమకుర్తి_గ్రానైట్
మాస్టారి మాటకు అడ్డు చెప్పడం నా ఉద్దేశం కాదు, కానీ మా దగ్గర ఈ 47, 56 డెసిబెల్స్ ఏ మూలకూ రావు. పాలిషింగ్ యూనిట్లో కోత యంత్రాలు తిరుగుతుంటే పక్క మనిషి కేక వేసినా వినపడదు, పనివాళ్లు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని ఉంటారు. నా హైబ్రిడ్ యార్డులోకి వచ్చినా, వెనక్కి తీసినా ఒక మనిషి వెనక నిలబడి చెయ్యి ఊపాలన్నది మా నియమం. లారీలకు కూడా అదే నియమం. స్పీకరును నమ్ముకుని ఆ మనిషిని తీసేస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

తెల్లకర్ర
మీ నియమమే సరైనది. యంత్రాల మోతలో నేను పెట్రోలు కారును కూడా పోల్చుకోలేను. రోడ్డు పక్క కొట్టు ముందు జనరేటరు తిరుగుతున్నా అంతే, ఆ కొట్టు దాటేదాకా నేను కదలను.

ఒంగోలు_కర్నూలురోడ్
ఇంత మాట్లాడుకునే బదులు విని చూడవచ్చు కదా అని ఆదివారం తెల్లవారుజామున మా కాలనీ వెనక ఖాళీ లేఅవుట్లో ప్రయత్నించాం. నా హైబ్రిడ్‌కు హోరు ఉంది, స్నేహితుడి పాత హైబ్రిడ్‌కు లేదు, మూడోది పెట్రోలు కారు. మా నాన్నగారిని, పక్కింటి ఇంటర్ అబ్బాయిని రోడ్డుకు వీపు పెట్టి అంచున నిలబెట్టి, కారు వినపడగానే చెయ్యి ఎత్తమన్నాం. బండ్లను పది, పదిహేను వేగం మించకుండా తోలాం. పెట్రోలు కారుకు ఇద్దరూ చాలా దూరంలోనే చెయ్యి ఎత్తారు. హోరు ఉన్న దానికి అబ్బాయి ముందు, నాన్నగారు తర్వాత ఎత్తారు, అయినా బండి ఆగడానికి కావలసినంత దూరం మిగిలింది. హోరు లేని దానికి అబ్బాయి టైరు కింద కంకర నలిగే చప్పుడు విని ఎత్తాడు. నాన్నగారు బండి పక్కకు వచ్చేదాకా ఎత్తలేదు, వచ్చాక మమ్మల్ని తిట్టారు. అక్కడే నున్నటి సిమెంటు రోడ్డు ముక్క మీద చేస్తే అబ్బాయి కూడా ఆలస్యం చేశాడు. ఫోనులో డెసిబెల్ యాప్ పెట్టాం గానీ గాలి తగిలినప్పుడల్లా అంకె ఎగురుతుంటే దాన్ని పక్కన పెట్టేశాం.

కావలి_భౌతికం
యాప్ పక్కన పెట్టడం మంచిదైంది. సరిచూడని ఫోను మైకు అంకె నమ్మదగింది కాదు, ఒకే ఫోనుతో ఒకే చోట రెండు బండ్లను పోల్చడానికి మాత్రం పనికొస్తుంది. ఒక సంగతి గమనించారా, మీ బండి ఇంజను లేచినప్పుడు హోరు ఆగిందా?

ఒంగోలు_కర్నూలురోడ్
మొదటిసారి ఇంజను లేచింది, అప్పుడు హోరు వినపడలేదు. అందుకే బ్యాటరీ నిండాక మళ్లీ చేశాం.

కావలి_భౌతికం
నిబంధనే దానికి వీలిస్తుంది. ఇంజను తిరుగుతుంటే దాని మోతే హెచ్చరిక కనుక స్పీకరు పలకనక్కరలేదు. అలాగే యూరప్ పద్ధతిలో ఆగి ఉన్న బండికి శబ్దం అక్కరలేదు, అమెరికా నిబంధన మాత్రం గేరు పార్కింగులో లేకపోతే ఆగి ఉన్నప్పుడు కూడా ఉండాలంటుంది, 30 కిలోమీటర్ల వేగం దాకా కొనసాగాలంటుంది. యూరప్‌లో 20తో సరిపెట్టారు. మాస్టారు మలుపు దగ్గర ఆగిన కారు గురించి చెప్పిన ఇబ్బందికి అమెరికా పద్ధతే మేలని నా అభిప్రాయం.

తెల్లకర్ర
నా అభిప్రాయం కూడా అదే. కదిలిన తర్వాత తెలియడం వేరు, కదలబోతోందని తెలియడం వేరు.

మూలాపేట_రథవీధి
ఆగి ఉన్న కారు కూడా కూస్తుంటే ఇక మా వీధి గతి ఏమిటో! అయినా ఒంగోలు పెద్దాయన తిట్లు చదివాక నేను గట్టిగా వాదించలేకపోతున్నాను. రాత్రి పది దాటాక కొంచెం తగ్గేలా చేయగలిగితే నాకు అభ్యంతరం లేదు.

చెవి_డాక్టరు_నెల్లూరు
రాత్రి చుట్టూ సద్దు ఉండదు కనుక తక్కువ చప్పుడైనా వినపడుతుందన్నది నిజమే. కానీ చీకట్లో కళ్లు కూడా తక్కువ పనిచేస్తాయి, కనుక రాత్రి తగ్గించడానికి నేను ఒప్పుకోను.

పొగతోట_వాసి
గాలి స్టిక్కరులో ఉన్నంతకే పెట్టించాను, సిమెంటు రోడ్డు మీద దడదడ చాలావరకు తగ్గింది. కాగితం పరీక్షలో వెనక ఎడమ తలుపు బీడింగు దొరికింది, వారంటీలో మారుస్తామన్నారు. ఇంజను అరుపు మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు, ఇంత ఖరీదు పెట్టినవాడికి అంతకన్నా మంచి ఇన్సులేషన్ ఇవ్వవలసిందే. హోరు వైరు జోలికి పోవడం లేదు. మా వీధిలో కంటి ఆసుపత్రులే అరడజను ఉన్నాయి, కళ్లకు గంతలతో బయటికి వచ్చేవాళ్లను రోజూ చూస్తూ కూడా నేను ఈ ప్రశ్న అడిగాను.

కందుకూరు_కుర్రాడు
మెకానిక్ అన్నా, మరి నా బండికి హోరు బయట నుంచి పెట్టించవచ్చా? ఆన్‌లైన్‌లో రివర్సు పాటల స్పీకర్లు బోలెడు ఉన్నాయి.

వేదాయపాళెం_మెకానిక్
వద్దు తమ్ముడూ. అసలైన దాంట్లో బండి వేగం పెరిగేకొద్దీ స్వరం కూడా పైకి పోవాలి, అప్పుడే వినేవాడికి బండి దగ్గరికి వస్తోందా ఆగుతోందా అన్నది తెలుస్తుంది. నువ్వు చెప్పే పెట్టె ఎప్పుడూ ఒకే పాట పాడుతుంది, దాన్ని విన్నవాడు వీధిలోకి ఐస్‌క్రీం బండి వచ్చిందని ఎదురొస్తాడు. దాని వైరు హైబ్రిడ్ వైరింగులో ఎక్కడ పడితే అక్కడ కలిపితే వారంటీ కూడా పోతుంది. మీ మోడలుకు కంపెనీ వాళ్లు తర్వాతి బ్యాచ్‌లో స్పీకరు పెట్టి ఉంటే, అదే భాగాన్ని పాత బండికి బిగిస్తారేమో సర్వీసు సెంటరులో రాతపూర్వకంగా అడుగు. అప్పటిదాకా సందులో అద్దం దించి, పది వేగం దాటకుండా పో.

కందుకూరు_కుర్రాడు
సరే అన్నా, శనివారం సర్వీసుకు ఇస్తున్నాను, అప్పుడే అడిగి వాళ్లు ఏమి రాసిచ్చారో ఇక్కడ పెడతాను.